కంప్యూటర్ ముందు ఆపకూడనివి, ఆపవలసినవి

1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి కంప్యూటర్ కొద్దిమంది ఉద్యోగుల పనిముట్టు మాత్రమే. నేడు మీసేవ కేంద్రంలో పనిచేసే యువకుడు, పాఠాలు వినే విద్యార్థి, ఫోనులోనే బ్యాంకు పని ముగించుకునే విశ్రాంత ఉద్యోగి, అందరూ తెర ముందు కూర్చునేవారే. ఈ పరికరాలు చేసే మేలు ఎంతో, పెట్టే చిరాకూ అంతే. గంటసేపు శ్రమించి టైపు చేసిన కాగితం భద్రపరచక ముందే కరెంటు పోతుంది. తొందర పనిలో ఉండగా కంప్యూటర్ మొరాయిస్తుంది. కళ్ళజోడు వెదుక్కునే లోపల ఓటీపీ గడువు తీరిపోతుంది. ఇటువంటి చిన్న చిన్న విసుగులు ప్రతిదినం పేరుకొని శరీరానికి ఎట్లా హాని చేస్తాయో, వాటిని ఇంటిలోనే ఎట్లా నివారించుకోవచ్చో తెలుసుకుందాం.

చరకుడు చెప్పిన వేగాలు

చరక సంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం వేగాలను గురించినది. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేనుపు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమ వలన కలిగే ఆయాసం అనే 13 సహజ వేగాలను బలవంతంగా ఆపరాదని అందులో చెప్పబడింది. ఆ అధ్యాయంలోనే ఆపుకొనవలసిన వేగాలు కూడా ఉన్నాయి. లోభం, శోకం, భయం, క్రోధం, అహంకారం, ఈర్ష్య మొదలైన మనోవేగాలను బుద్ధిమంతుడు నిగ్రహించుకోవాలి.

కంప్యూటర్ ముందు మనం చేస్తున్నది దీనికి సరిగ్గా విరుద్ధం. “ఈ ఒక్క పని అయ్యాక లేద్దాం” అని మూత్రాన్ని, దప్పికను, ఆకలిని, నిద్రను ఆపుకుంటాం. యంత్రం నిలిచిపోయిందని క్రోధాన్ని, ఇంకొక్క వీడియో చూద్దామని లోభాన్ని, ఇతరుల ఫోటోలు చూసి ఈర్ష్యను యథేచ్ఛగా వదులుతాం.

ఆపుకుంటే కలిగే బాధలు

మూత్రాన్ని ఆపుకుంటే పొత్తికడుపులో నొప్పి, మూత్రం కష్టంగా వెడలడం, తలనొప్పి కలుగుతాయని చరకుడు చెప్పాడు. నీరు తక్కువగా త్రాగి, గంటల తరబడి మూత్రం ఆపుకునే స్త్రీలలో మూత్రనాళపు ఇన్ఫెక్షన్లకు అవకాశం ఎక్కువని నేటి వైద్యులు కూడా హెచ్చరిస్తున్నారు. దప్పికను ఆపితే నోరు, గొంతు ఎండి అలసట కలుగుతుంది. ఆకలిని ఆపితే నీరసం, ఒళ్ళునొప్పులు, తల తిరగడం, క్రమంగా అరుచి కలుగుతాయి. నిద్రను ఆపితే ఆవులింతలు, ఒళ్ళునొప్పులు, శిరోవ్యాధులు, కళ్ళ బరువు వస్తాయి. రాత్రివేళ కళ్ళపై పడే తెర వెలుతురు నిద్రకు తోడ్పడే మెలటోనిన్ అనే హార్మోనును తగ్గిస్తుందని ఆధునిక శాస్త్రం చెబుతున్నది.

రెప్పపాటు ఈ 13 వేగాలలో లేదు. అయితే రెప్పలు మూయడం, తెరవడం వ్యానవాయువు చేసే పనులని వాగ్భటుడు పేర్కొన్నాడు. సామాన్యంగా మనం నిమిషానికి 15 సార్లకు అటూ ఇటుగా రెప్ప వాలుస్తాం. తెరను తదేకంగా చూస్తున్నప్పుడు ఈ సంఖ్య సగానికి, ఒక్కొక్కప్పుడు అంతకంటె తక్కువకు పడిపోతుంది. కంటిపై తేమ ఆరిపోయి మంట, ఎరుపు, ఇసుక పడినట్లు గరగర కలుగుతాయి. దీనినే చాలామంది “వేడి చేసింది” అనుకుంటారు. ఇందుకోసం నీలికాంతిని ఆపే ఖరీదైన కళ్ళజోళ్ళు కొనేవారున్నారు. 17 పరిశోధనలను పరిశీలించి 2023లో ప్రచురించిన కాక్రేన్ సమీక్షలో, అవి మామూలు అద్దాల కంటె కంటి అలసటను ఎక్కువగా తగ్గించినట్లు కనబడలేదు.

గృహ చికిత్సలు

1. కళ్ళు మండుతున్నప్పుడు చల్లని మంచినీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను గాని, కీరదోస ముక్కలను గాని మూసిన రెప్పలపై 10 నిమిషాలు ఉంచాలి.

2. పాదాలకు నూనె మర్దన చేస్తే దృష్టి నిర్మలమై వాతం శమిస్తుందని చరకుడు చెప్పాడు. పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళను 5 నిమిషాలు మర్దించి, జారిపడకుండా తుడుచుకోవాలి.

3. మెడ, భుజాలు పట్టేసినప్పుడు వావిలాకు వేసి మరిగించిన నీటిలో గుడ్డ ముంచి, పిండి, ఓర్చుకోగల వేడితో కాపడం పెట్టాలి.

4. నేత్రబలానికి రాత్రిపూట త్రిఫలా చూర్ణాన్ని తేనె, నెయ్యితో సేవించమని అష్టాంగ హృదయం చెబుతున్నది. తేనె, నెయ్యి సమపాళ్ళలో కలుపరాదు. మధుమేహులు, గర్భిణులు వైద్యుని సలహా లేనిదే వాడరాదు.

ముఖ్య హెచ్చరిక: తేనె, ఉల్లిరసం, చనుబాలు, ఇంటిలో కాచిన కషాయం, ఇవేవీ కంటిలో వేయరాదు. వాటిలోని సూక్ష్మక్రిముల వలన నల్లగుడ్డుపై పుండు ఏర్పడి చూపే పోవచ్చు.

యంత్రం ఆగితే మీరు లేవండి

తెర కంటికి 50 నుండి 70 సెంటీమీటర్ల దూరంలో, దాని పై అంచు కంటి మట్టానికి కొద్దిగా క్రిందుగా ఉండాలి. 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరాన ఉన్న చెట్టునో, గోడనో 20 సెకన్లు చూడాలి. ఆ సమయంలో మెల్లగా, పూర్తిగా రెప్పలు వాల్చాలి.

కంప్యూటర్ నిలిచిపోయినప్పుడు మీటలను పదే పదే బాదడం వలన అది త్వరగా కదలదు. మీ గుండె వేగం మాత్రం పెరుగుతుంది. అప్పుడు కుర్చీలో నుండి లేవండి. మూత్రవిసర్జన చేసి రండి. గ్లాసెడు నీళ్ళు కూర్చొని నెమ్మదిగా త్రాగండి. పదిసార్లు దీర్ఘంగా శ్వాస విడవండి. యంత్రం తిరిగి మొదలయ్యే ఆ రెండు మూడు నిమిషాలను శరీరానికి కేటాయించిన సమయంగా భావిస్తే, ఆపకూడని వేగం తీరుతుంది, ఆపవలసిన వేగం అణగుతుంది. రాత్రి నిద్రకు గంట ముందే ఫోనును పడకగదికి వెలుపల ఉంచండి.

కంటిలో తీవ్రమైన నొప్పి, హఠాత్తుగా చూపు మందగించడం, మెరుపులు కనబడడం, నొప్పితో కూడిన ఎరుపు ఉంటే చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే నేత్రవైద్యుని వద్దకు వెళ్ళాలి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కి నిద్ర నుండి లేపుతుంటే మణికట్టు వద్ద నరం నొక్కుకుపోతున్నదేమో పరీక్ష చేయించుకోవాలి. చెడిన యంత్రానికి విడిభాగాలు అంగడిలో దొరుకుతాయి. కంటికి, నరానికి ఆ సౌకర్యం లేదు.