సముద్రము దాటి కాపురము పోవునప్పుడు

ఈ సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచిన విషయము పైకి కచ్చేరి వ్యవహారమువలె కనబడును గాని, నిజమునకు ఇది ఇంటి విషయమే. మన పల్లెలనుండి చదువులకును ఉద్యోగములకును అమెరికా సంయుక్త రాష్ట్రములకు వెళ్లిన బిడ్డలు పలువురు అక్కడనే స్థిరపడి, ఆ దేశపు పౌరులై, వృద్ధులైన తలిదండ్రులను తమయొద్దకు రమ్మని పిలుచుచున్నారు. ఇరువదియొక్క సంవత్సరములు నిండిన పౌరుడు తన తలిదండ్రుల స్థిరనివాసమునకై అర్జీ పెట్టుకొనుటకు అక్కడి శాసనము సమ్మతించుచున్నది. మనుష్యులు విమానములో ఒకటి రెండు దినములలో చేరుదురు. సామాను మాత్రము ఓడమీద వారములకొలది ప్రయాణము చేయును. ఆ సామానునకు కావలసిన కాగితములను గూర్చియే నేను చెప్పబోవుచున్నాను.

పూర్వము మన కోస్తా జిల్లాలవారు కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలెక్కి రంగమునకు పోయి అక్కడ కాపురములు పెట్టిరి. ఆనాడు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక భాగము. సముద్రము అడ్డమున్నను ప్రభుత్వము ఒక్కటే. 1937వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన బర్మా వేరుపడగా, అదే సముద్రమునకు ఆవలి గట్టు పరదేశమైనది. దీనినిబట్టి మనము గ్రహింపవలసినది యేమనగా, కాగితములను పుట్టించునది దూరము కాదు. రెండు ప్రభుత్వముల నడుమనున్న గీత. ఆ గీతయొద్ద ఈవల మన సుంకపు అధికారి, ఆవల వారి సుంకపు అధికారి కూర్చుండియుందురు. మన పెట్టె ఇద్దరికిని సమాధానము చెప్పవలెను.

సుంకము వర్తకపు సరుకుపై విధించునది. వాడుకొన్న ఇంటిసామాను వర్తకము కాదు గనుక దానికి మినహాయింపు కలదు. అమెరికా నియమము ప్రకారము, పరదేశమున మన ఇంటిలో కనీసము ఒక సంవత్సరము వాడియున్న మంచములు, కుర్చీలు, పాత్రలు, దుప్పట్లు, పుస్తకములు మొదలగువానిని సుంకము లేకయే తీసికొని పోవచ్చును. అవి ఇతరులకొఱకు గాని, అమ్మకమునకు గాని ఉద్దేశింపబడినవి కారాదు. అయితే మూసిన పెట్టెను చూచి అది కాపురమో వర్తకమో అధికారి యెట్లు తెలిసికొనును? మీరు వ్రాసి సంతకము పెట్టిన పట్టికను బట్టియే. కాబట్టి ఈ వ్యవహారమంతటికిని మూలము ఆ సామాను పట్టిక. అది మీ వాఙ్మూలము. ఈ యొక్క మాటను మనస్సునందుంచుకొనినచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఉదాహరణమునకు కోనసీమలోని యొక వృద్ధదంపతులను ఊహించుకొందము. ఆయన పాఠశాలలో పంతులుగా పనిచేసి విరమించినవాడు. ఇల్లాలు నలువదియేండ్లుగా ఆ ఇంటిని దిద్దుకొన్నది. కుమారుడు రమ్మన్నాడు. ఇంటిలో నున్నవి ఒక పందిరిమంచము, ఇత్తడి గంగాళము, వీణ, తాతగారి తాళపత్రములు, దేవుని గదిలో పంచలోహ విగ్రహము, ఉపనయనమునాటి కృష్ణాజినము, వంటపాత్రలు, పుస్తకములు. వీరు ఏ క్రమమున సిద్ధపడవలెనో చూతము.

మొదట మనుష్యుల కాగితములు. వీసా చేతికి రాకముందు సామాను కదల్పకూడదు. స్థిరనివాసపు వీసా సాధారణముగా ఆరు నెలలకు మించి చెల్లదు. వైద్యపరీక్ష తేదీని బట్టి గడువు అంతకన్న తగ్గవచ్చును. కనుక వీసా వచ్చిన తరువాత తాత్సారము చేయుటయు తగదు. సామాను యజమానునికంటె ముందుగా రేవు చేరినచో, అడుగువారు లేక గిడ్డంగిలో పడియుండి, దినమునకింత చొప్పున డెమరేజి పెరుగును. మీరు ముందు, సామాను వెనుక. ఇది మేలైన క్రమము.

పేరు విషయమున మనవారికి వచ్చు చిక్కు ఒకటి కలదు. మనము ఇంటిపేరును ముందు వ్రాసికొందుము, పలుమారు పొడి అక్షరముతో సరిపెట్టుదుము. పాస్‌పోర్టులో నున్నది మాత్రము పూర్తి పేరు. పాస్‌పోర్టు, వీసా, సామాను పట్టిక, ఓడవారిచ్చు బిల్ ఆఫ్ లేడింగు అను రసీదు, ఈ నాలుగింటిలోను పేరు అక్షరము పొల్లుపోక ఒక్కతీరుగా నుండవలెను. వీసా అర్జీకి జతపరచు తెలుగు పత్రములకు పూర్తి ఆంగ్లానువాదమును, అనువాదము సరియైనదనియు, తనకు రెండు భాషలు వచ్చుననియు అనువాదకుడు వ్రాసియిచ్చిన ధ్రువీకరణమును ఉండవలెను.

తరువాత పట్టిక. పెట్టెలు కట్టిన పిదప వ్రాయుట కాదు, కట్టుటకు ముందే వ్రాయవలెను. ప్రతి పెట్టెకు ఒక అంకె వేయుడు. ఆ పెట్టెలోని ప్రతి వస్తువు పేరు, ఎన్ని యున్నవి, ఏ సంవత్సరమున కొన్నది, వాడినదా క్రొత్తదా, ఇప్పటి విలువ యెంత అనునవి వరుసగా వ్రాయుడు. విలువ యనగా నేడు అమ్మినచో వచ్చు ధర. కొన్ననాటి ధర కాదు. “ఇతర సామాను”, “చిల్లర వస్తువులు” అని వ్రాయుట అధికారికి అనుమానము కలిగించును. అనుమానము కలిగెనా పెట్టె విప్పుదురు, లేదా యంత్రముతో లోపల చూచెదరు. ఆ తనిఖీ ఖర్చు సాధారణముగా సామాను యజమానునిపైననే పడును. మన దేశపు 1962 నాటి కస్టమ్సు చట్టములోని 77వ సెక్షను ప్రకారము, ప్రయాణ సామానులో నేమున్నదో యజమానుడే తెలియజేయవలెను. బంధువులకని కొన్న క్రొత్త చీరలు, వెండి సామాను ఉన్నచో వానిని విడిగా, క్రొత్తవి యనియే వ్రాయుడు. వానికి సుంకము పడిన పడవచ్చును. దాచినచో అవి పోవుటయే గాక, తక్కిన పెట్టెలన్నియు అనుమానమునకు లోనగును.

ఇక ఏవి పోవును, ఏవి పోరాదు అను ముఖ్యవిషయమునకు వత్తము. పంతులుగారి ఇల్లాలికి కష్టము తోచునది ఇక్కడనే.

దేవుని గదిలోని విగ్రహము ముత్తాతగారి కాలమునాటిది. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టము 1976లో అమలునకు వచ్చెను. దాని ప్రకారము నూరు సంవత్సరములకు తక్కువ కాని విగ్రహములు, శిల్పములు, చిత్రములు మొదలగునవి పురావస్తువులు. శాస్త్ర, చరిత్ర, సాహిత్యములలో విలువగల వ్రాతప్రతులకు డెబ్బదియైదు సంవత్సరములే చాలును. వీనిని కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థయో తప్ప ఇతరులు దేశము దాటింపరాదు. “మా ఇంటి దేవుడే గదా, నేను అమ్ముటలేదు గదా” అనుట చెల్లదు. ఈ నిషేధమును మీరినచో ఆరు నెలలకు తక్కువ కాకుండ మూడు సంవత్సరములవరకు ఖైదును, జరిమానాయును విధింపవచ్చును. వస్తువు పాతదివలె కనబడుచున్నను నూరేండ్లు నిండలేదని మీకు నమ్మకమున్నచో, భారత పురావస్తు సర్వేక్షణ శాఖవారికి చూపి, అది పురావస్తువు కాదని ధ్రువపత్రము పొందుడు. పందిరిమంచమునకును గంగాళమునకును ఇదే ప్రశ్న రావచ్చును.

తాతగారి తాళపత్రములు కూడ ఇట్లే నిలిచిపోవును. వానిని ఛాయాచిత్రములు తీయించి ఆ ప్రతులను వెంట తీసికొనిపోయి, మూలమును వ్రాతప్రతుల భాండాగారమునకు గాని, ఊరనే యున్న దాయాదులకు గాని ఒప్పగించుట మంచిది.

కృష్ణాజినము, జింకకొమ్ము, పులిగోరు, ఏనుగు దంతము, నెమలి యీకలు, ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడినవి. వీనిని పెట్టెలో పెట్టవలదు. వీణ పనస కఱ్ఱతో చేసినదైనచో కఱ్ఱవలన చిక్కులేదు; కాని పూర్వపు వీణలకు దంతపు చెక్కడము చేయుట కలదు గనుక తెలిసినవారికి చూపి నిశ్చయించుకొనవలెను. ఎఱ్ఱచందనపు బొమ్మ ఒక్కటియే యైనను అనుమతి లేనిదే పోరాదు. జిట్రేగి కఱ్ఱ 2017వ సంవత్సరము జనవరి 2వ తేదీనుండి అంతర్జాతీయ ఒడంబడిక క్రింద కట్టుబాటు గలది. పందిరిమంచము జిట్రేగిదైనచో అటవీశాఖ సంబంధమైన అనుమతిపత్రములను గూర్చి ముందే విచారింపవలెను.

పెట్టెల కఱ్ఱను గూర్చియు ఒక మాట. ఊరి వడ్రంగిచేత మామిడి పలకలతో పెట్టె చేయించుట మనకు వాడుక. పరదేశమునకు అది పనికిరాదు. పచ్చికఱ్ఱలో పురుగులు దాగియుండునను భయముచేత, పెట్టె కఱ్ఱను నడిమిభాగము కూడ 56 డిగ్రీల వేడిలో 30 నిమిషములు ఎడతెగకుండ నుండునట్లు కాచియో, ఆమోదించిన మరియొక పద్ధతిని శుద్ధిచేసియో, గోధుమవెన్ను బొమ్మ గల ముద్ర వేయవలెనని దేశములు ఒప్పుకొన్నవి. ఆ ముద్ర లేని పెట్టెను రేవునుండి త్రిప్పి పంపవచ్చును.

తినుబండారములను ఓడ సామానులో పెట్టకుండుటయే క్షేమము. పచ్చి మామిడికాయలు, కరివేపాకు, విత్తనములు, బియ్యము, ఇవి అమెరికా రేవులో ఆగిపోవును. కరివేపాకు చెట్టుపై బ్రదుకు చిన్న పురుగు నారింజ, నిమ్మ తోటలకు తెగులు తెచ్చును. బియ్యములో కాప్రా అను పురుగు దాగును. తులసికోటలోని పిడికెడు మట్టిని వెంట తీసికొనిపోవలెనని ఇల్లాలికి ఆశ యుండును. మట్టికి కూడ అనుమతి కావలెను. రోలు, పొత్రము తీసికొనిపోదలచినచో మన్ను లేకుండ కడిగి ఆరబెట్టవలెను.

నగలు, రొక్కము, మందులు, ఆస్తిదస్తావేజులు ఓడ పెట్టెలలో పెట్టరాదు. ఇవి చేతిసంచిలో నుండవలెను. మందులతో వైద్యుడు వ్రాసిన చీటి యుండవలెను. పదివేల డాలర్లకు మించిన రొక్కమున్నచో అమెరికాలో దిగినప్పుడు తెలియజేయవలెను. నగలు ఎప్పుడైనను మరల స్వదేశమునకు తెచ్చునవియైనచో, వెళ్లునప్పుడే మన సుంకపు అధికారికి చూపి ఎగుమతి ధ్రువపత్రము తీసికొనుడు. అది లేనిచో తిరిగివచ్చినప్పుడు మీ నగలు మీవేయని రుజువు చేయుట కష్టమగును.

ఇక ఆవలి గట్టున. యజమానుని వెంట రాని సామానునకు అమెరికా సుంకపు శాఖవారి 3299 అను అంకెగల పత్రము పూర్తిచేయవలెను. దానికి పాస్‌పోర్టు, వీసాల నకళ్లు, ఆంగ్లమున వ్రాసిన సామాను పట్టిక, ఓడ రసీదు జతపరుపవలెను. అదియుగాక, 2009వ సంవత్సరమునుండి వచ్చిన నియమము ప్రకారము, ఓడమీదికి సామాను ఎక్కించుటకు 24 గంటలకు ముందే దాని వివరములు అక్కడి శాఖకు చేరవలెను. ఈ పని సామాను చేరవేయు ఏజెంటులు చేయుదురు. మనవంతు వారికి సకాలమున సరియైన వివరము లిచ్చుట.

ఏజెంటు మాట వచ్చినది గనుక ఈ హెచ్చరిక చెప్పి ముగించెదను. పని తొందరలో “ఇక్కడ సంతకము పెట్టుడు, తక్కినది మేము వ్రాసికొందుము” అని ఖాళీ కాగితము ముందు పెట్టువారుందురు. వారి యుద్దేశము చెడ్డది కాకపోవచ్చును. అయినను ఖాళీ పట్టికపై సంతకము చేయుట, ఎదుటివాడు ఏమి చెప్పినను అది నా మాటయే యని ప్రమాణము చేయుటతో సమానము. ఆంగ్లము రానివారు బిడ్డలచేత గాని, తెలిసినవారిచేత గాని ఒక్కొక్క పంక్తియు తెలుగులో చెప్పించుకొని వినవలెను. లేనిది ఉన్నదని వ్రాసినచో కొట్టివేయింపుడు. ఉన్నది విడిచినచో చేర్పింపుడు. అప్పుడు సంతకము చేసి, ఒక ప్రతిని చేతిసంచిలో నుంచుకొనుడు, ఒకటి కుమారునికి పంపుడు, ఒకటి ఊరిలో నమ్మకమైనవారివద్ద నుంచుడు.

మన పంతులుగారి దంపతులు ఇట్లు పట్టిక వ్రాయుటకు కూర్చుండినచో, వారి ఇల్లు మూడు భాగములగును: వెంట పోవునవి, అనుమతి తెచ్చుకొన్నచో పోవునవి, ఎన్నటికిని పోనివి. ఆ మూడవ భాగమును గూర్చి ముందే తెలిసికొనుట మేలు. రేవులో పెట్టె విప్పి అధికారి తీసివేసిన విగ్రహమునకు ఏ గతి పట్టునో మన చేతులలో నుండదు. ముందే తెలిసినచో ఆ విగ్రహము విషయమున శాసనము కోరు రిజిస్టరీ ముగించుకొని, తమ్ముని ఇంటనో, మనసునకు తృప్తియైన మరియొక చోటనో నిత్యదీపమునకు లోపము రాకుండ ఏర్పాటుచేసి, మంచిదినము చూచి ఒప్పగింపవచ్చును. అప్పుడు ఆ ఇల్లాలు దైవమును పోగొట్టుకొనినది కాదు, పుట్టినగడ్డపై నిలిపి వెళ్లినది యగును.

కావున ఈ యేడు గాని, రాబోవు యేడు గాని మీ ఇంట ఇట్టి ప్రయాణము తటస్థించునని తోచినచో, పెట్టెలు కొనుటకు ముందు ఒక నోటుపుస్తకము కొనుడు. నేడే ఒక గదితో మొదలుపెట్టుడు. దేవుని గదితో మొదలుపెట్టుట యుత్తమము. ఎక్కువ విచారణ కావలసినది దానికే.