ఓటు లేని గ్రహం

అలెక్సీ పాన్షిన్ 1968లో వెలువరించిన 'రైట్ ఆఫ్ పాసేజ్' కౌమార పాఠకులు చదవదగిన వైజ్ఞానిక నవల. తొలిచిన గ్రహశకలమే అందులో అంతరిక్ష నౌక. భూమి నాశనమయ్యాక విజ్ఞానమంతా నౌకవాసుల గుప్పిట్లో ఉండిపోయింది. ముడిసరుకు ఇచ్చే వలస గ్రహాలవారికి దాన్ని కొసరి కొసరి అమ్ముతారు. పైగా 'మట్టి తినేవాళ్లు' అని ఈసడిస్తారు. బొగ్గు మసి అంటిన మనిషిపై పడే అలాంటి చూపు మా బెల్లంపల్లికి కొత్త కాదు.

పద్నాలుగేళ్ల మియా పరీక్ష కోసం ఒక గ్రహంపై నెలరోజులు గడిపి, అక్కడున్నదీ మనుషులేనని గ్రహిస్తుంది. అయినా నౌక సభ ఓటు వేసి ఆ గ్రహాన్ని ధ్వంసం చేస్తుంది. చచ్చేవాళ్లకు ఓటు లేదు.

శ్రమకు దూరమైన విజ్ఞానం ఎంత క్రూరమో ఈ కథ చెబుతుంది. పిల్లలకు వైజ్ఞానిక నవల రాసే మన రచయితలు యంత్రం ఎలా నడుస్తుందో చెప్పడంతో ఆగకూడదు. అది ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి.