ఎముక అతికేది తనంతట తానే... మరి రాడ్ ఎందుకు?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పేరు చెప్పగానే గుర్తొచ్చేది రైల్వే. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. కోర్బా గనుల నుంచి వచ్చే బొగ్గు రైళ్లు రాత్రింబవళ్లు ఈ ప్రాంతం మీదుగా సాగుతుంటాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడి రైల్వే కాలనీల్లో ఉన్నాయి. పట్టాల మీద, యార్డుల్లో, వర్క్‌షాపుల్లో బరువైన ఇనుముతో పనిచేసేవారి ఊరు కాబట్టి, ఎముక విరగడం ఇక్కడివారికి కొత్త విషయం కాదు. రోడ్డు మీద మోటార్ సైకిల్ ప్రమాదాలు, ఇంట్లో పెద్దలు జారిపడటం వీటికి అదనం. 2025 నవంబర్ 4న బిలాస్‌పూర్ సమీపంలో మెమూ ప్యాసింజరు రైలు గూడ్సు రైలును ఢీకొన్నప్పుడు, ఒక ఊరి ఆసుపత్రులు ఎలాంటి గాయాలకు సిద్ధంగా ఉండాలో మరోసారి తెలిసింది.

ఎముక విరిగిన మనిషిని ఆసుపత్రికి తెచ్చిన బంధువులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒకటుంది. "కట్టు కడితే సరిపోదా? ఆపరేషన్ చేసి రాడ్ వేయడం ఎందుకు?" దీనికి జవాబు తెలియాలంటే, ముందు ఎముక ఎలా అతుకుతుందో తెలుసుకోవాలి.

శరీరం చేసే మరమ్మతు

విరిగిన రైలు పట్టాను అతికించాలంటే బయటి నుంచి కరిగిన లోహం పోయాలి. ఎముక అలా కాదు. అది ప్రాణమున్న కణజాలం. విరిగిన చోట ముందు రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలోకి మరమ్మతు కణాలు, కొత్త రక్తనాళాలు చేరతాయి. రెండు మూడు వారాల్లో మెత్తని మృదులాస్థితో ఒక వంతెన ఏర్పడుతుంది. దీన్ని క్యాలస్ అంటారు. తర్వాతి వారాల్లో అందులోకి కాల్షియం చేరి గట్టిపడుతుంది. ఆ తర్వాత కూడా నెలలు, ఏళ్ల తరబడి శరీరం ఆ ఎముకను చెక్కుతూనే ఉంటుంది. బరువు పడే వైపు మందం పెంచుతుంది, అక్కర్లేని చోట తగ్గిస్తుంది.

కాబట్టి ఎముకను అతికించేది డాక్టరు కాదు, శరీరమే. డాక్టరు చేసేది ఆ పనికి మూడు సౌకర్యాలు కల్పించడం. ముక్కలు సరైన వరుసలో ఉండాలి. అక్కడికి రక్తం అందాలి. కదలిక హద్దులో ఉండాలి.

మూడోది కాస్త సూక్ష్మమైన విషయం. విరిగిన చోట మొదట పుట్టే లేత కణజాలం తన పొడవుకు రెండింతలు సాగినా తట్టుకోగలదు. గట్టిపడిన ఎముక మాత్రం రెండు శాతం సాగితే చాలు, విరిగిపోతుంది. అందుకే కదలిక మరీ ఎక్కువైతే లేత క్యాలస్ ఎప్పటికీ ఎముకగా మారదు. కొద్దిపాటి కదలిక ఉంటే మాత్రం క్యాలస్ ఇంకా బాగా పెరుగుతుంది. కట్టు, రాడ్, ప్లేటు... అన్నీ ఈ కదలికను అదుపు చేసే సాధనాలే.

కట్టు ఎప్పుడు చాలు?

మనికట్టు దగ్గర చిన్న పగులు, పిల్లల చేతి ఎముకలు, వరుస తప్పని విరుగుళ్లు చాలావరకు పిండికట్టుతోనే నయమవుతాయి. పసివాళ్ల ఎముకలు పెరిగే దశలో ఉంటాయి కాబట్టి, కొద్దిపాటి వంకర ఉన్నా చాలాసార్లు కాలక్రమంలో సర్దుకుంటాయి. చిత్తూరు ప్రాంతపు పుత్తూరు కట్టు లాంటి సంప్రదాయాలకు ఇంత పేరు రావడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎముక వరుసలో ఉండి, కదలకుండా పట్టి ఉంచితే మిగతా పని శరీరం చేసుకుంటుంది.

కానీ అన్ని విరుగుళ్లూ అలాంటివి కావు. తొడ ఎముక చుట్టూ శరీరంలోకెల్లా బలమైన కండరాలు ఉంటాయి. ఎముక విరగగానే అవి ముక్కలను ఒకదానిపైకి ఒకటి లాగేస్తాయి. బయటి కట్టు ఆ లాగుడును ఆపలేదు. కీలు లోపలికి వెళ్లిన విరుగుడు మిల్లీమీటర్ల తేడాతో అతికినా ఆ కీలు త్వరగా అరిగిపోవచ్చు. పెద్దల తుంటి విరిగితే సమస్య ఎముకతో ఆగదు. నెలల తరబడి మంచం మీద ఉంచితే ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, కాళ్ల సిరల్లో రక్తం గడ్డలు, పుండ్లు వస్తాయి. అందుకే ఒంటి పరిస్థితి అనుకూలిస్తే వీలైనంత త్వరగా ఆపరేషన్ చేసి కూర్చోబెట్టాలని చూస్తారు.

రాడ్, ప్లేటు, బయటి చట్రం

1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంచర్ అనే సర్జన్ తొడ ఎముక మధ్యలోని బోలు మార్గంలోకి ఉక్కు కడ్డీ దించాడు. రోగి వారాల తరబడి మంచం పట్టకుండా నడవగలిగాడు. తర్వాతి దశాబ్దాల్లో కడ్డీకి పైనా కిందా అడ్డంగా స్క్రూలు బిగించే పద్ధతి వచ్చింది. దాంతో ఎముక కుంచించుకుపోవడం, మెలితిరగడం ఆగాయి. ఇప్పుడు తొడ, మోకాలి కింది పొడవాటి ఎముకలు మధ్యలో విరిగితే ఎక్కువగా వాడేది ఈ రాడ్‌నే. విరిగిన చోటును తెరవకుండా దూరం నుంచే దించుతారు కాబట్టి అక్కడి రక్తపు గడ్డ, రక్తనాళాలు చెదరవు.

రాడ్ సరైన దారిలో వెళ్తోందో లేదో చూడటానికి ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రం కావాలి. అది లేని చోట్ల కోసం అమెరికా సర్జన్ లూయిస్ జిర్కిల్ మొదలుపెట్టిన సైన్ సంస్థ, సీ-ఆర్మ్ అవసరం లేకుండా స్క్రూలు బిగించగల రాడ్‌ను తయారుచేసి పేద దేశాల ఆసుపత్రులకు అందిస్తోంది.

ప్లేటు సంగతి రైల్వేవారికి తేలిగ్గా అర్థమవుతుంది. రెండు పట్టాలను కలిపే ఫిష్ ప్లేటు లాగా, ఇది ఎముక పక్కన పడుకుని స్క్రూలతో రెండు ముక్కలనూ పట్టి ఉంచుతుంది. ముంజేతి ఎముకలకు, కీళ్ల దగ్గరి విరుగుళ్లకు ఇది అనువైనది.

మూడోది బయటి చట్రం. చర్మం గుండా ఎముకలోకి పిన్నులు దించి, వాటిని బయట కడ్డీలకు బిగిస్తారు. గాయం శుభ్రంగా లేనప్పుడు లోపల లోహం పెట్టకుండా ఎముకను నిలిపి ఉంచడానికి ఇది పనికొస్తుంది. దీనిలోనే మరో రకాన్ని సైబీరియా రైలు మార్గం మీదున్న కుర్గాన్ పట్టణంలో గావ్రీల్ ఇలిజారోవ్ అభివృద్ధి చేశాడు. ఎముకను కోసి, ఉంగరాల చట్రంతో రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, నాలుగు విడతలుగా పావు మిల్లీమీటరు దూరం జరిపితే, ఆ ఖాళీలో కొత్త ఎముక పుడుతుందని ఆయన చూపించాడు. పొట్టిగా మారిన కాలును పొడిగించడానికి, ఎముక ముక్క పోయిన చోటును పూడ్చడానికి, వంకర కాళ్లను సరిచేయడానికి ఇది నేటికీ దారి.

లోహానికి కూడా అలసట ఉంది

"రాడ్ వేశారు కదా, ఇక భయం లేదు" అనుకోవడం పొరపాటు. 19వ శతాబ్దంలో రైలు ఇరుసులు ఎక్కువ బరువు లేకపోయినా ఉన్నట్టుండి విరిగి ప్రమాదాలు జరిగేవి. జర్మన్ రైల్వే ఇంజినీరు ఆగస్ట్ వోలర్ వాటిని పరీక్షించి, ఒక్కసారి పడినప్పుడు ఏమీ చేయని బరువు కూడా లక్షల సార్లు పడితే లోహాన్ని విరగ్గొడుతుందని నిరూపించాడు. శరీరంలోని రాడ్, ప్లేటుకూ అదే నియమం వర్తిస్తుంది. ప్రతి అడుగూ ఒక బరువే. ఎముక ముందు అతుకుతుందా, లోహం ముందు అలసిపోతుందా అన్నది నిజంగా పందెమే. ఎముక అతికితే బరువు దాని మీదకు మారి లోహానికి విశ్రాంతి దొరుకుతుంది. అతకకపోతే ఎంత మంచి ఉక్కైనా, టైటానియమైనా చివరికి విరుగుతుంది.

ఈ పందెంలో ఎముకను ఓడించేవాటిలో ముందుండేది పొగ. బీడీ, సిగరెట్ రక్తనాళాలను కుంచింపజేసి అతుకు పడటాన్ని ఆలస్యం చేస్తాయి. అదుపులో లేని షుగర్, పోషకాహార లోపం, ఇన్ఫెక్షన్ కూడా అంతే. ఎంత బరువు ఎప్పుడు మోపాలో డాక్టరు చెప్పినట్టే నడుచుకోవాలనడానికి కారణం ఇదే.

ఎముక బయటికి కనిపిస్తే

చర్మం చీలి ఎముక బయటి గాలికి తగిలితే అది వేరే రకం అత్యవసరం. ఒకప్పుడు ఇలాంటి గాయానికి కాలు తీసేయడమే చికిత్స. 1865 ఆగస్టులో గ్లాస్గోలో బండి చక్రం కిందపడి కాలు విరిగిన 11 ఏళ్ల బాలుడి గాయానికి జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన కట్టు కట్టాడు. చీము పట్టలేదు. కాలు దక్కింది. ఎముకల శస్త్రచికిత్సకు అసలు తలుపు తెరిచింది ఉక్కు కాదు, ఈ శుభ్రతే.

నేటి నియమాలూ దాని కొనసాగింపే. బయటికి తెరుచుకున్న విరుగుడుకు యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వీలైతే గంటలోపే పడాలి. గాయాన్ని కడిగి, చచ్చిన కండను తీసేసే ఆపరేషన్ ఆరు గంటల్లోపే జరగాలని ఒకప్పుడు అనేవారు. మురికి బాగా పట్టిన గాయాలకు, రక్తప్రసారం ఆగిన కాళ్లకు తక్షణమే చేయాలి. మిగతావాటికి అనుభవమున్న బృందం 24 గంటల్లోపు చేసినా ఫలితం బాగుంటుందని ఇప్పుడు తెలుసు. యాంటీబయాటిక్ ఆలస్యం మాత్రం పనికిరాదు.

బరువు కింద నలిగిన కాలును నిలబెట్టాలా, తీసేయాలా అన్నది అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. దీనికి దారి చూపినవాటిలో ఒకటి మన దేశంలోనే పుట్టింది. కోయంబత్తూరులోని గంగా హాస్పిటల్ సర్జన్లు 2006లో ఒక మార్కుల పద్ధతి ప్రచురించారు. చర్మం, ఎముక, కండరాలూ నరాలూ ఎంత దెబ్బతిన్నాయో విడివిడిగా మార్కులు వేస్తారు. రోగికి ఉన్న ఇతర జబ్బులకూ మార్కులుంటాయి. మొత్తం 14 లేదా అంతకంటే తక్కువైతే కాలును కాపాడవచ్చు. 17 లేదా ఎక్కువైతే తీసేయడమే మేలు. మధ్యలో ఉన్నవారి విషయం అనుభవజ్ఞులు ఆలోచించి తేల్చాలి. ఏళ్ల తరబడి ఆపరేషన్ల తర్వాత కూడా పనికిరాని కాలు కంటే, మంచి కృత్రిమ కాలుతో త్వరగా నడవడమే కొందరికి మేలవుతుంది.

చేయి లేదా వేలు పూర్తిగా తెగితే దాన్ని తిరిగి అతికించే అవకాశం ఉంది. 1962లో బోస్టన్‌లో గూడ్సు రైలు ఎక్కబోయి చేయి తెగిన 12 ఏళ్ల బాలుడికి వైద్యులు ఆ చేతిని తిరిగి అతికించారు. తెగిన భాగాన్ని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచిని మంచు నీళ్లలో ఉంచాలి. నేరుగా మంచుకు తగలనివ్వకూడదు. కండ ఎక్కువున్న భాగమైతే చల్లగా ఉంచకపోతే సుమారు ఆరు గంటల్లో పాడైపోతుంది.

కట్టు కింది ప్రమాదం

ఆసుపత్రిలో వేసిన పిండికట్టు అయినా, నాటు కట్టు అయినా, బిగుతైతే లోపల వాపు పెరిగి రక్తం ఆగిపోతుంది. విరుగుడు తర్వాత కట్టు లేకపోయినా వాపు వల్లే ఇది రావచ్చు. దీన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. మందులు వేసినా తగ్గకుండా పెరిగే నొప్పి, వేళ్లను మెల్లగా చాపితే భరించలేని బాధ దీని తొలి గుర్తులు. తిమ్మిరి, వేళ్లు పాలిపోవడం తర్వాత వస్తాయి. కొన్ని గంటలు దాటితే కండరాలు చచ్చిపోతాయి. కట్టును వెంటనే విప్పించి ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లవారేదాకా ఆగకూడదు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త

ఛత్తీస్‌గఢ్ సికిల్ సెల్ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని రక్తనాళాలను మూసేస్తాయి. ఎముక అతకడానికి కావలసింది రక్తమే కాబట్టి ఈ జబ్బు ఎముకల వైద్యుడికీ ముఖ్యమైనదే. తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోవచ్చు. అందుకే ఈ జబ్బున్నవారిలో కొందరికి చిన్న వయసులోనే తుంటి మార్పిడి అవసరమవుతుంది. ఎముకలో చీము పట్టే ముప్పు కూడా ఎక్కువ. ఆపరేషన్ సమయంలో ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా, చలి సోకినా కణాలు కొడవళ్లుగా మారతాయి. ముందే తెలిస్తే వైద్యులు వీటన్నిటినీ కాచుకోగలరు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. బిలాస్‌పూర్–కట్నీ రైలు మార్గంలోని షహడోల్‌లో 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యంగా పెట్టుకుంది.

ఆపరేషన్ తర్వాత

ఎక్స్‌రేలో ఎముక అతికినంత మాత్రాన మనిషి కోలుకున్నట్టు కాదు. కండరాల బలం, కీలు వంగడం వ్యాయామంతోనే తిరిగొస్తాయి. ఫిజియోథెరపీ మానేస్తే మంచి ఆపరేషన్ కూడా బిగుసుకుపోయిన మోకాలుతో ముగుస్తుంది. తొమ్మిది నెలలైనా అతకని ఎముకకు మళ్లీ ఆపరేషన్ అవసరం కావచ్చు. పెద్దలలో అతికిన ఎముకలోని రాడ్ ఇబ్బంది పెట్టకపోతే సాధారణంగా తీయాల్సిన పని లేదు.

కాలు పోతే ఉద్యోగమూ పోతుందన్న భయం చాలామందిని ఆలస్యంగా వైద్యం దగ్గరకు తెస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 20వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ సంస్థలో పనిచేస్తూ వైకల్యానికి గురైన ఉద్యోగిని ఆ కారణంతో తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో తగిన వేరే పనిలోకి మార్చాలి.

ఎముక విరిగిన చోట తోటివారు చేయగలిగినవి నాలుగే. విరిగిన కాలును కర్రలతోనైనా కదలకుండా నిలిపి ఉంచాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో నొక్కి పట్టాలి. బయటికొచ్చిన ఎముకను లోపలికి నెట్టకూడదు. రోడ్డు మీదైతే 108కి, రైల్లో అయితే 139కి ఫోన్ చేయాలి. ఆసుపత్రి చేరేలోపు ఈ కొద్ది పనులు సరిగ్గా జరిగితే, మిగతా మరమ్మతును శరీరం, సర్జన్ కలిసి చూసుకుంటారు.