ఊరి చప్పుడుకు హద్దు గీసేదెవరు?

మైకు అనుమతి పోలీసు అధికారి చేతిలో ఉంది; మిల్లు ఎక్కడ పెట్టాలన్నది మున్సిపాలిటీ, పంచాయతీల చేతిలో ఉంది

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో పత్తి, మిరప చేతికొచ్చే కాలంలోనే తిరునాళ్లూ వస్తాయి కనుక, జిన్నింగు మిల్లుల రొద, మిరప నిల్వచేసే కోల్డ్ స్టోరేజీల జనరేటర్ల హోరు, కోటప్పకొండకు తరలే విద్యుత్ ప్రభల మైకుల మోత ఒకదాని వెంట ఒకటిగా, ఒక్కోసారి కలిసికట్టుగా వినిపిస్తాయి. వీటిని అదుపు చేసేందుకు ప్రధాన ఆధారం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం తెచ్చిన 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు.

కొలతలు

శబ్ద తీవ్రతను డెసిబెల్లలో కొలుస్తారు; ఈ కొలమానంలో పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45, వాణిజ్య ప్రాంతాల్లో 65, 55, పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70 డెసిబెల్లు పరిమితి కాగా, ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ప్రకటించే నిశ్శబ్ద మండలంలో అది 50, 40 మాత్రమే. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు వరకు.

తిరునాళ్ల రాత్రి

పండగల వేళ వీధుల్లో వాయిద్యాల మోతను నియంత్రించే అధికారం 1861 నాటి పోలీసు చట్టంలోనే ఉంది. 2000 నిబంధనలూ ఆ దారినే సాగి, మైకుకు రాతపూర్వక అనుమతి తప్పనిసరి చేసి, ఆ అధికారాన్ని కలెక్టరుకు, పోలీసు కమిషనరుకు, డీఎస్పీకి తగ్గని హోదాగల అధికారులకు అప్పగించాయి. ఏడాదికి 15 రోజులకు మించకుండా పండగలకు అర్ధరాత్రి దాకా రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వగల సడలింపును సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. అయితే శివరాత్రి జాగారం తెల్లవార్లూ సాగేది కాబట్టి, సడలింపు ముగిసే వేళకు కోటప్పకొండ దగ్గర తిరునాళ్ల హడావుడి ముగియదు.

ప్లాను దగ్గరే పరిష్కారం

స్థానిక సంస్థల పాత్రను ఈ నిబంధనలు వేరేచోట చూపాయి: పట్టణ, గ్రామ ప్రణాళికలు వేసేటప్పుడు శబ్దాన్ని జీవన నాణ్యతకు కొలబద్దగా పరిగణించాలని అవి మున్సిపాలిటీలను, పంచాయతీలను ఆదేశిస్తున్నాయి. ఊరవతల కట్టిన మిల్లు చుట్టూ ప్లాట్లు వేసి ఇళ్లకు అనుమతులిచ్చాక, పారిశ్రామిక ప్రాంతపు 70 డెసిబెల్లకు అలవాటుపడిన యంత్రం పక్కనే 45 డెసిబెల్ల రాత్రిని ఆశించే కుటుంబం చేరుతుంది. అప్పుడు ఏ అధికారి వచ్చినా ఒకరి జీవనోపాధికో మరొకరి నిద్రకో నష్టం తప్పదు.

మైకును ఆ రాత్రికి ఆపించవచ్చు గానీ, తప్పుచోట ఇచ్చిన లేఅవుట్‌ను ఏళ్లు గడిచినా సరిదిద్దలేం. అందువల్ల చప్పుడు గురించి ప్రశ్నించదలచిన పౌరులు, లేఅవుట్లు, మిల్లుల అనుమతులు చర్చకు వచ్చే గ్రామసభలోనూ వార్డు సమావేశంలోనూ ముందుగానే నోరు విప్పాలి.