పాల్గొన్నవాడి పాలెంత?

మొన్న బిస్సమ్ కటక్‌లో మా మనుమడు బడి ఆటలపోటీల ముచ్చట చెబుతూ, "తాతా, నేను పరుగుపందెంలో భాగం తీసుకొన్నాను" అన్నాడు.

"భాగం తీసుకోవడానికి అదేమన్నా తాతల ఆస్తిరా? పాల్గొన్నాను అనాలి" అని దిద్దాను. వాడు చిన్నబుచ్చుకొని లేచిపోయాడు.

వాడి మాట ఎక్కడిదో తెలుస్తూనే వున్నది. ఒడియాలో "భాగ నెబా" అంటారు. ఇంగ్లీషులో "టేక్ పార్ట్". రెండింటికీ అర్థం భాగం తీసుకొనడమే. మరి నేను దర్జాగా చెప్పిన పాల్గొనడమో? పాలు అంటే వంతు, కొనడమంటే తీసుకొనడం. పిల్లవాడు తప్పేమీ అనలేదు, నేనే తొందరపడ్డాను.

ఈ "పాలు" మన ఇళ్ళలో పాత మాటే. దాయాదులను పాలివారంటాము: ఆస్తిలోనూ పాలు, మైలలోనూ పాలు! సొమ్ము నీటిపాలైందన్నా, "నా పాలిటి దేవుడు" అన్నా అదే మాట. వంతు లేనివాడు పాల్గొన్నట్టు కాదని మాటలోనే వున్నది.

ఇంగ్లీషులో మాత్రం కొంచెం జాగ్రత్త కావాలి. "టేక్ పార్ట్" తరువాత "ఇన్" వుండాలి. మధ్యలో "ఎ" చేరి "టేక్ ఎ పార్ట్" అయితే నాటకంలో వేషం ఒప్పుకొన్నాడనే అర్థం రావచ్చు. "టేక్ సమ్‌వన్స్ పార్ట్" అంటే తగవులో ఒకరి పక్షం వహించడం. పరీక్షలో పిల్లలు తడబడేది ఇక్కడే.

పోటీకి పేరిచ్చి గట్టున కూర్చున్నవాడు పాల్గొన్నాడా? మన పక్కనున్న నియమగిరి సంగతి చూడండి. అక్కడ బాక్సైటు తవ్వకం విషయం గ్రామసభల ముందు పెట్టాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడు జూలై, ఆగస్టుల్లో రాయగడ, కలహండి జిల్లాలలో 12 గ్రామసభలు జరిగాయి. డోంగ్రియా కోందులు కొండ దిగివచ్చి వరసలో కూర్చొని పోలేదు, లేచి మాట్లాడారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. నిర్ణయంలో వాళ్ళకొక పాలున్నది, దానిని వాళ్ళు పుచ్చుకొన్నారు.

ఇదంతా మనుమడికి చెప్పి, దిద్దినందుకు తప్పు ఒప్పుకొన్నాను. వాడు ఒక్క క్షణం ఆలోచించి వంటింటికి పరుగెత్తి, "అమ్మా, నేను పందెంలో పాలు కొన్నాను!" అని కేకవేశాడు.

"ఎన్ని లీటర్లురా?" అన్నది మా కోడలు.