సౌలు కవచం, పిల్లవాడి గిటార్

గొల్యాతు మీదికి వెళ్లబోతున్న దావీదుకు సౌలు రాజు తన కవచం తొడిగించాడు, తలకు రాగి శిరస్త్రాణం పెట్టాడు. సౌలు ఇశ్రాయేలీయులందరికన్నా ఎత్తరి. కవచంలో లోపం లేదు, కానీ దావీదుకు అది అలవాటు లేదు. కత్తి కట్టుకొని నడవబోయి, వీటితో వెళ్లలేనని తీసివేసి, తన చేతికి అలవాటైన వడిసెల పట్టుకొని వెళ్లాడు (1 సమూయేలు 17:38–40).

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సంఘాల్లో ఈ సంగతి మాకు తరచూ గుర్తుకొస్తుంది. హార్మోనియం, తబలా, కీబోర్డుల సరసన ఇప్పుడు గిటార్ చేరింది. "అయ్యగారూ, పిల్లోడు గిటార్ అడుగుతున్నాడు, ఏది కొనాల?" అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతారు. వానలు లేని ఏడు గుంటూరు వైపు మిరపకోతకు వలసపోయి దాచుకున్న కూలిడబ్బు అది. దానితో కొన్న గిటార్ ఆరునెలలకే మూలన పడితే, పోయేది డబ్బొక్కటే కాదు. "నాకు సంగీతం రాదు" అని పిల్లవాడు నమ్మేస్తాడు. చాలాసార్లు లోపం వాడి వేళ్లలో ఉండదు, తీగలు మెడకు మరీ ఎత్తున ఉన్న గిటార్‌లో ఉంటుంది.

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు బస్తా పైన చూసి ధర చెప్పరు. లోపలినుంచి గుప్పెడు తీసి, పోగు లాగి చూస్తారు. గిటార్‌నూ అలాగే చూడాలి.

మొదట కొలత. పెద్దవాళ్లకు 39 నుంచి 41 అంగుళాల గిటార్ సరిపోతుంది. పదేళ్ల చుట్టుపక్కల పిల్లలకు 36 అంగుళాలదైతే చెయ్యి అందుతుంది. కూర్చోబెట్టి ఒడిలో పెట్టి చూడండి. కుడిచెయ్యి గిటార్ మీదుగా సులువుగా వాలాలి, భుజం పైకి లేవకూడదు.

తరువాత తీగల ఎత్తు. మెడమీది లోహపు మెట్లను ఫ్రెట్లు అంటారు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటితే, ఇనుపతీగల గిటార్ కొత్తవాళ్ల వేళ్లను బాగా బాధిస్తుంది. ఒక్కొక్క తీగను ఒక్కొక్క ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. ఎక్కడైనా గరగరమంటే అది వద్దు. మెడను తలవైపునుంచి ఒంటికన్నుతో చూస్తే వంకర తెలిసిపోతుంది.

నైలాన్ తీగలు వేళ్లకు మెత్తన. ఇనుపతీగల మోత సమాజంలో పదిమందికి వినబడుతుంది. ఒక హెచ్చరిక: నైలాన్ గిటార్‌కు ఇనుపతీగలు వేయకండి. ఇనుపతీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతాయి. నైలాన్ గిటార్ చెక్క అంత లాగుడుకు చేసినది కాదు. పడుగు బిగువు ఎంత ఉండాలో ఎమ్మిగనూరు నేతన్నకు వేరే చెప్పనక్కర్లేదు. తీగలకూ అదే న్యాయం.

ఇక రంగు, మెరుపు. స్పెయిన్ దేశపు ఆంటోనియో డి టోర్రెస్ (1817–1892) నేటి గిటార్‌కు రూపమిచ్చిన పనివాడు. ఆయన 1862లో వెనుకభాగం, పక్కలు అట్టతో చేసి, ముందుపలక మాత్రం మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ చేశాడు. నాదానికి ప్రాణం ముందుపలకేనని చూపించడానికే ఆ పని. మీరూ ఆ పలకనే చూడండి. పగులు, ఉబ్బు ఉండకూడదు. తీగలు కట్టిన చెక్క వెనుక కాగితం దూరేంత సందుంటే కొనకండి.

కరెంటు గిటార్ అయితే యాంప్లిఫైయర్, కేబుల్ కూడా కొనాలి. మొదటిది మామూలు అకౌస్టిక్ గిటారే చాలు. ఉన్న డబ్బంతా గిటార్‌కే పెట్టక, ఒక సంచికీ ఒక సెట్టు తీగలకూ కొంత ఉంచుకోండి. శ్రుతి చేసుకోవడానికి ఫోనులో ఉచిత ట్యూనర్లున్నాయి. లావు తీగనుంచి సన్నతీగ వరకు ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ అన్నది వరుస. అప్పు చేసి ఖరీదైనది కొనవద్దని మేము గట్టిగా చెబుతాము. వాయించడం తెలిసిన ఒకరిని వెంటబెట్టుకొని కర్నూలుకో, బళ్లారికో వెళ్లండి. ఆ బస్సు ఛార్జీ దండగ కాదు.

మన ఎండ గిటార్‌కు శత్రువు. రేకుల ఇంట్లో పైకప్పు కింద వేలాడదీస్తే వేడికి జిగురు వదులుతుంది, చెక్క ఎండి పగులుతుంది. సంచిలో పెట్టి, ఇంట్లో చల్లటి మూలన ఉంచండి.

మొదటి వారాల్లో వేలికొనలు మండుతాయి. రోజూ పావుగంట వాయిస్తే చర్మం గట్టిపడుతుంది. ఒక్కరోజు రెండు గంటలు వాయించి వారం మానేస్తే లాభం లేదు.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటి. సంఘం తరఫున ఒక గిటార్ కొని, నేర్చుకోవాలనే పిల్లలకు వంతులవారీగా మూడునెలలు ఇవ్వండి. ఎవరి చేతికి అది కుదిరిందో అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాతే వాళ్ల తల్లిదండ్రులు డబ్బు పెట్టవచ్చు. పేదింటి బిడ్డకూ ఆ మూడునెలలు దొరుకుతాయి.

సౌలుకు నెమ్మది కలిగించేవాడి కోసం రాజుగారి మనుషులు వెతికినప్పుడు దావీదు గొర్రెల దగ్గర ఉన్నాడు. సితారా వాయించడం అతనికి అప్పటికే వచ్చు (1 సమూయేలు 16:18–19). మన పిల్లలనూ క్రిస్మస్ వేదిక ఎక్కించాలని తొందరపడకండి. ముందు ఇంట్లో, ఎవరూ చూడని పావుగంటలో, నేర్చుకోనివ్వండి.