కిక్ ఎందుకు ఎదురు తంతుంది?

వరంగల్, హనుమకొండ వీధుల్లో పాత బుల్లెట్ మోటారు సైకిలును స్టార్టు చేసేవారిని గమనించారా? ఎక్కగానే తన్నరు. కిక్ రాడ్‌ను మెల్లగా నొక్కి, హెడ్‌లైటు పైనున్న ముల్లును చూసి, హ్యాండిల్ మీది చిన్న మీట లాగి, ఆ తర్వాతే గట్టిగా తంతారు. ఎందుకీ తతంగం?

1955లో మద్రాసులో వెలసిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ చేసిన ఈ 350 బండికి ఒకే సిలిండరు. వ్యాసం 70 మి.మీ.; పిస్టన్ 90 మి.మీ. మేర కిందికీ పైకీ కదులుతుంది. పైకి వచ్చేటప్పుడు అది గాలి, పెట్రోలు ఆవిరుల మిశ్రమాన్ని అదుముతుంది. ఇదే సంపీడనం. మిశ్రమం మండడానికి కొంత వ్యవధి కావాలి గనుక, పిస్టన్ కొసకు చేరకముందే నిప్పురవ్వ పుడుతుంది. ఇంజను వేగంగా తిరుగుతుంటే గతిపాలక చక్రం పిస్టన్‌ను కొస దాటిస్తుంది. కాలి ఊపు చాలకపోతే? మంట పిస్టన్‌ను వెనక్కు నెడుతుంది. కిక్ రాడ్ ఎదురు తంతుంది. చీలమండ బెణకవచ్చు, ఎముకే విరగవచ్చు!

ఆ ముల్లు అమ్మీటరుది. కాంటాక్టు పాయింట్లు కలిసి ఉంటే ఇగ్నిషన్ కాయిల్‌లో విద్యుత్తు ప్రవహించి, ముల్లు పక్కకు వాలుతుంది. పాయింట్లు విడగానే మధ్యకు వస్తుంది. పిస్టన్ కొసకు దగ్గరైందని అదే గుర్తు. అప్పుడు డీకంప్రెసర్ మీట లాగితే నిర్గమ కవాటం తెరుచుకుని, అదిమిన వాయువు బయటికి పోతుంది. కిక్‌ను మరికాస్త నొక్కితే పిస్టన్ కొస దాటుతుంది. ఇక మీట వదిలి, కిక్ రాడ్‌ను పైకి రానిచ్చి, ఒక్క ఊపున తన్నాలి. తర్వాతి సంపీడనం పూర్తి కావడానికి ఇంజను దాదాపు రెండు చుట్లు తిరగాలి. ఆలోగా చక్రం వేగం పుంజుకుంటుంది.

సైకిలు పంపు మూతిని వేలితో మూసి, పిడిని నొక్కి వదలండి. అది వెనక్కు తన్నుకొస్తుంది. లోపలి గాలికే అంత బలముంటే, మండే వాయువుకు ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి!